అప్పులు పోను

ఫలానావాడు ఐపీ పెట్టాడంటే తెలుగులో కథ అక్కడికి అయిపోయినట్టే. ఎంతకు పెట్టాడు, ఎవరికెంత మునిగింది, ఇప్పుడు ఎక్కడున్నాడు, ఇవే ఆ తర్వాతి ప్రశ్నలు. అప్పులన్నీ తీరాక అతనికేమైనా మిగిలిందా అని ఎవరూ అడగరు. అడిగితే నవ్వుతారు. మిగిలేదే ఉంటే ఐపీ ఎందుకు పెడతాడండీ అంటారు.

ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న రెండు పొడుగాటి మాటల్లో మొదటి అక్షరాలు మాత్రం తీసుకుని, వెనక 'పెట్టు' అనే క్రియ తగిలించి మనవాళ్లు చేసుకున్న పలుకుబడి ఇది. బయటి ప్రపంచంలో ఐపీ అంటే మేధోసంపత్తి. 2016 నాటి దివాలా స్మృతి వచ్చాక కంపెనీ కేసుల్లో ఐపీ అంటే మునిగిన కంపెనీని చేతిలోకి తీసుకుని నడిపే నిపుణుడు. మన జిల్లాల్లో చేబదుళ్లిచ్చేవాళ్లకు మాత్రం ఐపీ అంటే కోర్టు నుంచి వచ్చే నోటీసు, అందులో అప్పులిచ్చినవాళ్ల జాబితాలో తన పేరు.

దీనికంటే పాత మాట దివాలా. హిందీ నుంచి వచ్చింది. 'దీయా' అంటే దీపం, 'బాల్నా' అంటే వెలిగించడం, ఆ రెండూ కలిసి ఇది పుట్టిందని హిందీ నిఘంటుకారులు చెబుతారు. అప్పులు తీర్చలేని వర్తకుడు దుకాణంలో పరిచిన గోనెపట్టాను తిరగేసి, దానిమీద నాలుగు వత్తుల దీపం పెట్టేవాడట. ఇంగ్లీషు బ్యాంక్‌రప్ట్ వెనక ఇటలీ సొమ్ముల వ్యాపారి విరిగిన బల్ల ఉంది. బల్ల విరిగినా, గోనెపట్టా తిరగబడినా, నోటీసు వచ్చినా తెలిసేది ఒకటే, అంగడి మూతపడిందని. లెక్క తేలిందని ఈ మాటల్లో ఏదీ చెప్పదు. లెక్క గురించిన మాట వేరే ఉంది. అది మిగులు.

చట్టం మటుకు ఐపీ దగ్గర ఆగదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం మన జిల్లా కోర్టుల్లో ఇవాళ్టికీ నడుస్తోంది. 2016 స్మృతి దాన్ని రద్దు చేయదలిచింది కానీ ఆ భాగం ఇంకా అమల్లోకి రాలేదు. మామూలు మనుషుల అప్పులకు సంబంధించిన అధ్యాయాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు పూచీపడ్డవాళ్ల వరకే తెచ్చారు. కాబట్టి పత్తి కొని మునిగినవాడైనా, చిట్టీలు నడిపి చేతులెత్తేసినవాడైనా ఈ నూరేళ్లు దాటిన చట్టం కిందికే వస్తాడు. అయిదు వందల రూపాయల అప్పుంటే చాలు, పిటిషన్ పెట్టవచ్చు. ఆ అంకె 1920 నుంచి కదల్లేదు. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి ఇల్లు వదిలి వెళ్లిపోవడాన్ని కూడా ఈ చట్టం దివాలా చర్యల్లో ఒకటిగా లెక్కవేసింది. 'ఊరొదిలి పోయాడు' అన్నది మనకు నింద, కోర్టుకు సాక్ష్యం.

కోర్టు అతణ్ణి దివాలాదారుగా ప్రకటించిన క్షణాన, 28వ సెక్షన్ ప్రకారం, ఆస్తంతా కోర్టుకో, అది నియమించే రిసీవరుకో దఖలు పడుతుంది. కోర్టు జప్తుకు లొంగనివి మాత్రం తప్పించుకుంటాయి. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపు, చేతిపనివాడి పనిముట్లు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగలు, అంటే మన దగ్గర మంగళసూత్రం. వీటిని మిగులు అనకూడదు. ఇవి మినహాయింపులు, అసలు లెక్కలోకే రానివి. మిగులు అనేది లెక్కలోకి వెళ్లి, అందరి చేతులూ దాటుకుని బయటికి రావాలి. దాని ముచ్చట 67వ సెక్షన్‌లో ఉంది. అప్పులిచ్చినవాళ్లకు పూర్తిగా, చట్టం ఒప్పుకున్న వడ్డీతో సహా చెల్లించి, వ్యవహారం ఖర్చులు కూడా పోయాక ఏమైనా ఉంటే దానికి దివాలాదారు హక్కుదారు. దయతో ఇవ్వవచ్చు అనలేదు, హక్కు అంది. నలభై మాటలకు మించని ఆ సెక్షన్‌ను చదివినవాళ్లు తక్కువ, వాడుకున్నవాళ్లు మరీ తక్కువ.

తెలుగులో 'ఉండిపోయినది' అని చెప్పడానికి కనీసం నాలుగు మాటలున్నాయి. వాటిలో రెండింటిని అప్పు ఎత్తుకుపోయింది. మొదటిది శేషం. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదని పెద్దలంటారు, ఉంచితే మళ్లీ పెరుగుతాయని. ఇక్కడ ఉండిపోయినది తీరని అప్పు. రెండోది బాకీ. అరబ్బీలో బాకీ అంటే కేవలం మిగిలినది, అంతకుమించి ఏమీ లేదు. ఉర్దూలో, హిందీలో ఇప్పటికీ మొదటి అర్థం అదే. హైదరాబాదులో ఒకే వీధిలో రెండర్థాలూ వినిపిస్తాయి: ఉర్దూ మాట్లాడేవాడి నోట అది 'తక్కినది', తెలుగువాడి నోట 'ఇవ్వాల్సినది'. తెలుగులోకి రాగానే ఆ మాట అప్పు అనే అర్థంలో స్థిరపడింది. బాకీ పడటం, బాకీదారు, మొండిబాకీలు. పన్నుల లెక్కల్లో 'వసూలు కాగా ఇంత బాకీ' అని రాసీరాసీ ఆ మార్పు వచ్చి ఉంటుందని నా ఊహ. ఊహే. ఏమైనా, సంస్కృతం నుంచి ఒకటి, అరబ్బీ నుంచి ఒకటి తెచ్చుకుని రెండింటినీ అప్పిచ్చినవాడి పద్దులో రాసుకున్నాం.

మిగులు మాత్రం మన సొంతం. తమిళంలో మిగు, మిక్క, మిగుది. కన్నడంలో మిగు, మిగిలు. తెలుగులో మిగులు, మిక్కిలి, మిక్కుటం. ఈ కుదురంతటిలో ఉన్నది ఒకటే భావం, హద్దు దాటడం. కన్నడంలో ఒకటి ఇంకొకదానికంటే మిగిలు అంటే మేలైనదని. మన గ్రాంథికంలో 'మిగుల సంతసించెను' అంటే ఎంతో సంతోషించాడని. ఉండిపోవడం అన్న అర్థం దీనికి దాటడం నుంచే వచ్చింది. అవసరాన్ని మించినది కాబట్టి ఉండిపోయింది. శేషానికీ దీనికీ అక్కడే తేడా. శేషం కొరత వైపు నుంచి చూస్తుంది, మిగులు నిండుదనం వైపు నుంచి.

వాక్యంలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 'రామయ్యకు పదివేలు బాకీ' అంటే ఆ 'కు' అప్పిచ్చినవాడిది. సంస్కృతంలోనూ అంతే, బాకీపడటాన్ని చెప్పే క్రియకు అప్పిచ్చినవాణ్ణి సంప్రదానంగా పెట్టాలని పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే రాశాడు. ఆ సూత్రంలో అప్పిచ్చినవాడి పేరు ఉత్తమర్ణుడు. పుచ్చుకున్నవాడు అధమర్ణుడు. ఋణంలో పైనున్నవాడు, కిందున్నవాడు అని మాత్రమే మొదటి అర్థం కావచ్చు కానీ, ఉత్తమ అధమ అన్న మాటలు నోట్లో పడ్డాక అంతటితో ఊరుకుంటాయా? తెలుగైతే అప్పు చేసినవాడికి సరైన పేరు కూడా ఇవ్వలేదు. 'అప్పులవాళ్లు వచ్చారు' అంటే ఇచ్చినవాళ్లు వచ్చారని. అప్పు చేసింది వాడు, ఆ పేరు పట్టుకెళ్లింది వీళ్లు. విభక్తి వాళ్లదే, పేరూ వాళ్లదే. అదే 'పదివేలు మిగిలాయి' అనండి. ఎవరికి? ఇప్పుడా 'కు' అప్పు చేసినవాడి దగ్గరికి వస్తుంది. ఈ వ్యవహారం మొత్తంలో అతను చతుర్థీ విభక్తిలో కనిపించేది ఆ ఒక్క వాక్యంలోనే.

నాలుగో మాట నిలవ. చేతినిలవ, ఆఖరు నిలవ అని పద్దుపుస్తకాల్లో రాసేది. ఇది నిలు అనే ధాతువు నుంచి వచ్చింది, నిలబడటం కూడా దాన్నుంచే. కోర్టు తెలుగులో జవాబు దాఖలు చేసేటప్పుడు 'ఈ దావా చట్టరీత్యా నిలవదు' అని రాయడం ఆనవాయితీ. లాయర్లు లోకస్ స్టాండై అంటారు, లాటిన్‌లో నిలబడే చోటు. ఫలానావాడికి లోకస్ లేదంటే అతను చెప్పేది అబద్ధమని కాదు, అది చెప్పడానికి అతనెవరు అని. దివాలాదారు విషయంలో ఈ రెండు మాటలూ, నిలవా నిలబడటమూ, ఒకదాని మెడకు ఇంకొకటి చుట్టుకున్నాయి.

ఎలాగంటే, ఆస్తంతా రిసీవరుకు వెళ్లిపోయింది. రిసీవరు రెండెకరాలు చవగ్గా అమ్మేశాడు. లేదా ఎవరో దొంగనోటు పట్టుకొస్తే నిజమైన అప్పే అని జాబితాలో చేర్చాడు. నష్టం ఎవరికి? అప్పులిచ్చినవాళ్లకు రూపాయికి నలభై పైసలు వచ్చేచోట ముప్పై అయిదు వస్తాయి, నష్టం వాళ్లది. దివాలాదారుకు ఎటూ ఏమీ రాదు కనక అతనికి నొప్పి లేదు, నొప్పి లేనివాడి మాట కోర్టు ఎందుకు వినాలి? ఇంగ్లండు కోర్టులు పందొమ్మిదో శతాబ్దం నుంచీ చెప్పిన తర్కం ఇదే. ఫిర్యాదు చేయదగిన మనిషి అంటే ఎవరో 1880లో లార్డ్ జస్టిస్ జేమ్స్ చెప్పిన నిర్వచనాన్ని ఇప్పటికీ అక్కడా ఇక్కడా ఎత్తిచూపుతారు. రావచ్చనుకున్న లాభం రాలేదని నొచ్చుకుంటే చాలదు, చట్టం గుర్తించే హక్కుకు దెబ్బ తగిలి ఉండాలని దాని సారం. మిగులు వస్తుందేమోనన్న ఆశ హక్కు కాదు. 1993లో హీత్ వర్సెస్ టాంగ్ కేసులో జడ్జి హాఫ్‌మన్ ఇంకో అడుగు వేశారు. ఏ బాకీ తీర్పు వల్ల మనిషి దివాలా అయ్యాడో, ఆ తీర్పు మీద అప్పీలు నడిపే అధికారం కూడా ఇక ఆస్తిని పట్టుకున్న ధర్మకర్తదే, అతనిది కాదు. ఇప్పటి ఇంగ్లీషు చట్టం ధర్మకర్త పనుల మీద కోర్టుకు రాదగినవాళ్లలో దివాలాదారును పేరుపెట్టి చెబుతుంది. అయినా కోర్టులు అడిగేది మొదట అదే: మిగులు వస్తుందని చూపించగలవా? అమెరికాలోనూ ఇదే రివాజు. అక్కడి స్మృతి 726వ సెక్షన్ పంపకాల వరసలో ఆఖరి మెట్టు మీద అప్పుదారుకు మిగులు ఇస్తుంది. కానీ ఆ మెట్టుదాకా డబ్బు దిగుతుందనడానికి గట్టి ఆధారం చూపిస్తే తప్ప ఇతరుల క్లెయిముల మీద అభ్యంతరం చెప్పనివ్వరు.

ఇది సబబుగానే ఉంది అనిపించవచ్చు. ప్రతి దివాలాదారూ ప్రతి అమ్మకం మీదా కోర్టుకెక్కితే పంచేందుకు ఏమీ ఉండదు, ఖర్చులే ఉంటాయి. నిజమే. కానీ ఇందులో చుట్టు తిరుగుడు ఒకటి ఉంది. దొంగనోటు జాబితాలోంచి పోతే మిగులు వస్తుంది. మిగులు వస్తేనే దొంగనోటు గురించి మాట్లాడనిస్తారు. పొలం సరైన ధరకు అమ్ముడుపోతే నిలవ తేలుతుంది. నిలవ తేలేట్టుంటేనే ధర గురించి అడగనిస్తారు. అంటే రిసీవరు ఎంత అడ్డగోలుగా అమ్మితే అతన్ని ప్రశ్నించేవాడి నోరు అంత గట్టిగా మూతపడుతుంది. చిన్న తప్పుకు జవాబు చెప్పాలి, పెద్ద తప్పుకు అక్కర్లేదు. తర్కం మంచిదే కావచ్చు, దాని పర్యవసానం మాత్రం నాకు మింగుడు పడదు.

మిగులు ఉందా లేదా అన్నది ఆస్తుల ధర కంటే వడ్డీ మీద ఎక్కువ ఆధారపడుతుంది. 1920 చట్టం 61వ సెక్షన్‌లో, అసళ్లన్నీ తీరాక ఇంకా ఉంటే, దివాలా ప్రకటించిన తేదీ నుంచి నూటికి ఏడాదికి ఆరు రూపాయల చొప్పున వడ్డీ కట్టాలని ఉంది. మన లెక్కలో చెప్పాలంటే అర్ధరూపాయి వడ్డీ. ప్రభుత్వం ఒకప్పుడు డ్వాక్రా మహిళలకిచ్చిన పావలా వడ్డీకి రెట్టింపు, ఊళ్లో తిరిగే రెండు రూపాయల వడ్డీలో నాలుగో వంతు. నోటుమీద ఎంత రాసుకున్నా ఆ తేదీ తర్వాత లెక్క ఇదే. ఈ అర్ధరూపాయి దాటినదంతా మిగులులోకి వస్తుంది. కేసు పదేళ్లు సాగి ఈలోగా పొలం ధర పెరిగితే, ఐపీ పెట్టినవాడికి మిగిలేదేముంది అన్న నవ్వు అంత తేలికగా రాకూడదు. మన బస్తీల చుట్టూ భూముల ధరలు ఎలా పెరిగాయో తెలిసిన వాళ్లెవరికీ ఈ లెక్క వింతగా అనిపించదు.

వడ్డీ ఎంత మింగగలదో లండన్‌లో లేమన్ బ్రదర్స్ యూరపు కంపెనీ చూపించింది. 2008 సెప్టెంబరు 15న కూలింది. ప్రపంచమంతా అది సర్వనాశనమనే అనుకుంది. కొన్నేళ్లకు అప్పులిచ్చినవాళ్లందరికీ పౌనుకు పౌను ముట్టింది, ముట్టాక 700 కోట్ల పౌన్లకు అటూ ఇటూగా ఇంకా ఉంది! అప్పుడు మొదలైంది అసలు పోరాటం. నూటికి ఎనిమిది చొప్పున ఇన్నేళ్ల చట్టవడ్డీ ముందా, వెనకవరస అప్పులు ముందా, డాలరు మారకంలో పోయిన తేడా ఎవరిమీద పడాలి? వాటర్‌ఫాల్ కేసులని పేరుపడ్డ ఆ వ్యాజ్యాల్లో ఒకటి 2017 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టులో తేలింది. మునిగిన ఓడలో సరుకు కోసం కొట్టుకోవడం అందరికీ తెలుసు. తేలిన సరుకు కోసం కొట్టుకునేవాళ్ల తగవు తీర్చడానికి ఆ కోర్టుకు పాత తీర్పుల సాయం పెద్దగా దొరకలేదు.

విజయ్ మాల్యా వాదన కూడా ఈ కోవలోదే. బెంగళూరు రుణ వసూళ్ల ట్రిబ్యునల్ 2017లో ఆయన కింగ్‌ఫిషర్ విమాన సంస్థ బాకీ 6,203 కోట్లు, పైన వడ్డీ అని తేల్చింది. బ్యాంకులకు 14,131.6 కోట్ల ఆస్తులు తిరిగి అప్పగించామని 2024 డిసెంబరులో ఆర్థికమంత్రి లోక్‌సభలో చెప్పారు. ఆ తర్వాతి ఫిబ్రవరిలో మాల్యా కర్ణాటక హైకోర్టుకు వెళ్లి, లెక్క చూపించమని అడిగారు. రెండంకెల మధ్య తేడా అంతా మిగులే అనుకోవడం పొరపాటు, వడ్డీ నడుస్తూ ఉంటుంది. ఆయన మీదున్న క్రిమినల్ కేసుల సంగతి వేరు, వాటి విషయంలో ఆయన మీద నాకు సానుభూతి లేదు. కానీ ఎంత అప్రతిష్ఠ మూటగట్టుకున్నవాడైనా 'నా లెక్క ఎంత తేలింది' అని అడగవచ్చా లేదా అన్న ప్రశ్న మనిషిని బట్టి మారకూడదు.

కంపెనీ విషయంలో మన సుప్రీంకోర్టు మొదట తలుపు మూసి, తర్వాత కిటికీ తెరిచింది. 2017 ఆగస్టు 31న ఇన్నోవెంటివ్ ఇండస్ట్రీస్ కేసులో, కంపెనీని నిపుణుడి చేతికిచ్చాక పాత డైరెక్టర్లు కంపెనీ పేరున అప్పీలు చేయలేరని చెప్పింది. 2019 జనవరి 31న విజయ్‌కుమార్ జైన్ కేసులో, అప్పులిచ్చినవాళ్ల కమిటీ సమావేశాలకు పక్కనపెట్టిన డైరెక్టర్లు రావచ్చు, పరిష్కార ప్రణాళిక ప్రతి వాళ్లకివ్వాలి అంది. ఓటు లేదు, వినే హక్కు ఉంది. వాటాదారుల వాటా 2016 స్మృతి 53వ సెక్షన్‌లో అన్నిటికంటే కింద ఉంది. అక్కడిదాకా చుక్క దిగడం అరుదు.

ఇంతకీ మిగులు అన్న మాట తెలుగు పల్లెల్లో బాగా వినిపించింది దివాలా కేసుల్లో కాదు, భూసంస్కరణల్లో. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం కింద మిగులు భూమి అంటే పరిమితి దాటినది, కాబట్టి నీది కానిది, ప్రభుత్వానికి అప్పగించాల్సినది. 1920 చట్టం 67వ సెక్షన్‌లో మిగులు అంటే అందరిదీ పోయాక నీదైనది. ఒక చట్టంలో మిగులు చేతిలోంచి పోయేది, ఇంకో చట్టంలో చేతికి వచ్చేది. కృష్ణా మిగులు జలాల సంగతి మూడో రకం. బచావత్ ట్రిబ్యునల్ ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించి, ఆపైన మిగిలిన నీటిని వాడుకునే స్వేచ్ఛ ఇచ్చింది, దానిమీద హక్కు మాత్రం ఏర్పడదంది. అంటే స్వేచ్ఛ ఉంది, హక్కు లేదు. దివాలాదారుకు సరిగ్గా తిరగబడి, హక్కు ఉంది, అడిగే స్వేచ్ఛ దగ్గరే పేచీ.

మిగులును బొత్తిగా తిరిగివ్వక్కర్లేదన్న చట్టం కూడా మనకుండేది, అదీ అప్పు చేసినవాడి మేలు కోరి చేసినదే. 1938లో రాజగోపాలాచారి ప్రభుత్వం తెచ్చిన మద్రాసు రైతు రుణ విమోచన చట్టం కోస్తాకూ సీమకూ కూడా వర్తించింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టేసిన రైతు బాకీ తీరిపోయినట్టే అంది. మరి రెట్టింపుకంటే ఎక్కువ కట్టినవాడి సంగతి? ఆ ఎక్కువ సొమ్ము షావుకారు వాపసు ఇవ్వక్కర్లేదని అదే సెక్షన్ స్పష్టంగా రాసింది. గట్టు దాటిన నీళ్లు దాటినవే. నగల తాకట్టులో ఇలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ ప్రకారం వేలంలో బాకీకి మించి వచ్చినది కుదువపెట్టినవాడికి ఇచ్చి తీరాలి, తక్కువ వస్తే ఆ తక్కువ అతను కట్టాలి. 'నగలు వేలానికి పోయాయి' అని ఊరుకునే ఇళ్లలో ఆ రెండో భాగం అందరికీ గుర్తు, మొదటిది అడిగేవాళ్లు కనపడరు.

మళ్లీ రిసీవరు అమ్మిన రెండెకరాల దగ్గరికి వస్తే, మన 1920 చట్టం రాసినవాళ్లు ఇంగ్లండు తర్కం తెలియనివాళ్లు కాదు. అయినా 68వ సెక్షన్‌లో రిసీవరు చేసిన పని మీదో నిర్ణయం మీదో కోర్టుకు వెళ్లదగినవాళ్లను వరసగా చెబుతూ దివాలాదారు, అప్పులిచ్చినవాళ్లలో ఎవరైనా, ఇంకెవరైనా అని రాశారు. అప్పీళ్ల 75వ సెక్షన్‌లోనూ అప్పుదారు పేరు మొదట వస్తుంది. మిగులు చూపించు, అప్పుడు రా అన్న షరతు ఆ వాక్యాల్లో లేదు. ఐపీ పెట్టాక ఊళ్లో తలెత్తుకోలేనివాడికి ఆ సెక్షన్లలో మాత్రం వరసలో ముందు నిలబడే చోటుంది. దాన్ని వాడుకోవాలంటే తెలియాల్సింది ఇంకొకటే: రిసీవరు నిర్ణయం తీసుకున్న రోజు నుంచి 21 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి.